పడిన మాను చెత్త కాదు

సంపాదకులకు,

అడవిలో కూలిన మానులను శుభ్రత పేరుతో తరలించడం, తొర్రలను సిమెంటుతో పూడ్చడం ఇకనైనా ఆపాలి. ఈ రెండు పనులూ ఏ పోలికా లేని రెండు కీటకాల పొట్ట కొడుతున్నాయి.

కొమ్ముల పెంకుపురుగు పిల్ల పుచ్చిన కొయ్య తింటూ, మాను మట్టిని తాకే చోట ఏళ్ల తరబడి పెరుగుతుంది. గట్టి తల, దవడలు, ఆరు కాళ్లు ఉంటాయి. మానును ఎత్తి ఎండలో పడేస్తే తేమ ఆరి చస్తుంది.

పూల ఈగల్లో కొన్నిటి పిల్లకు కాళ్లుండవు, తలా కనిపించదు. తొర్రనీళ్లలో కుళ్లిన ఆకుల మధ్య ఉంటూ, తోక చివరి గొట్టాన్ని నీటిపైకి చాచి గాలి పీలుస్తుంది. ఎంత చక్కని ఏర్పాటు! పెద్దయ్యాక రెండే రెక్కలు. వెనక జత గుండుసూదుల్లా కుదించుకుపోయి, ఎగిరేటప్పుడు తూకం నిలుపుతుంది. పెంకుపురుగుకు ముందు జతే పెంకుగా మారి ఎగిరే రెక్కలను కప్పుతుంది.

మాను దారికడ్డమైతే బెరడు ఊడకుండా పక్కనే నీడలోకి దొర్లిస్తే చాలు. తొర్రనీళ్లు పోవడానికి కాండానికి రంధ్రం వేయొద్దు. కుళ్లు మంచి కొయ్యలోకి పాకుతుంది.

— ఒక పాఠకుడు