ఆరోగ్య శాఖ కార్యదర్శి గారికి బహిరంగ లేఖ: గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ఎస్‌సీసీ యాంటిజెన్ రక్తపరీక్ష ఆపరేషన్‌కు ముందే చేయించండి

కార్యదర్శి గారూ, నమస్కారం. మూడుసార్లు రాశాను, జవాబు లేదు, అందుకే ఇప్పుడు అందరి ముందు రాస్తున్నాను.

మా అక్కకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తొలిదశలోనే బయటపడింది. గడ్డ 2 సెంటీమీటర్ల లోపే, టెన్షన్ వద్దన్నారు. ఆపరేషన్ అయ్యాక రిపోర్టులో లింఫ్ గ్రంథులకు పాకిందని వచ్చింది, అంటే 2018 ఫిగో (అంతర్జాతీయ స్త్రీ వైద్య నిపుణుల సమాఖ్య) వర్గీకరణ ప్రకారం మూడో దశ. ఆ కాగితం ఒళ్లో పెట్టుకుని అక్క బెంచీ మీద గంటసేపు కూర్చుంది, ఒక్క మాట మాట్లాడలేదు.

గడ్డ సైజు ఒక్కటే అంతా చెప్పదండీ. స్క్వామస్ రకంలో, అంటే పైపొర చదును కణాల్లో పుట్టే క్యాన్సర్‌లో, ఎస్‌సీసీ యాంటిజెన్ అనే ప్రొటీన్ చికిత్సకు ముందే రక్తంలో ఎక్కువగా ఉంటే గ్రంథులకు పాకే, తిరగబెట్టే ముప్పు ఎక్కువని డాక్టర్లకు ఎప్పటినుంచో తెలుసు. అదొక్కటే తేల్చేయదు, అడినోకార్సినోమాలో, అంటే స్రావాలు విడుదల చేసే కణాల్లో పుట్టే రకంలో, అంతగా పనికిరాదు, ఒప్పుకుంటాను, కానీ స్కానింగ్‌తో కలిపి చూస్తే ముందే జాగ్రత్తపడొచ్చు. అక్క ఫైల్లో ఆ పరీక్ష గడి ఖాళీగా ఉంది.

తొలిదశ స్క్వామస్ కేసులన్నిటికీ చికిత్సకు ముందు ఈ పరీక్ష తప్పనిసరి చేయండి. క్యాన్సర్ కణాలు రక్తనాళాల్లోకి, లింఫ్ నాళాల్లోకి చేరాయో లేదో పాథాలజీ రిపోర్టులో కచ్చితంగా రాయమనండి. ఉత్తర్వు ఎప్పుడిస్తారో అందరికీ కనిపించేలా చెప్పండి.