జీడి తోట కేసు చందా: జమా ఖర్చుల వివరం

మన పేట వాళ్లకి, చెన్నై, హైదరాబాద్ పనులకెళ్లిన కుర్రాళ్లకి: తమ జీడి తోటలోనే కొందరి చేతిలో దెబ్బలు తిన్న మన పేట భార్యాభర్తల కోసం ఎత్తిన చందా లెక్క ఇది.

జమ 41,650 రూపాయలు. ఇంటింటికీ తిరిగితే వచ్చింది 18,400. కుర్రాళ్లు ఫోన్‌పే చేసింది 15,750. పలాసలో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్లు చీటీ డబ్బులోంచి ఇచ్చింది 6,500. పేరు రాయొద్దన్న పెద్దాయన ఇచ్చింది 1,000.

ఖర్చు 33,450. ఇందులో వైద్యానికి అయింది 6,850 మాత్రమే. సర్కారు ఆసుపత్రిలో మంచం ఉచితం, స్కానింగు, కొన్ని మందులు బయట. మరి మిగతాది ఏమైందని కొందరు అడిగారు. అడగాల్సిందే.

సాక్షుల కూలికి 12,600, చార్జీలకి, భోజనాలకి 9,340. చూసినవాళ్లంతా రోజు కూలీలే. స్టేషన్లో ‘సార్ లేరు, రేపు రండి’ అంటే రేపటి కూలి కూడా పోయినట్టే. అందుకే మనిషికి రోజుకి 350 చొప్పున ఇచ్చాం. ఇవ్వకపోతే రెండోసారి ఎవరూ రారు. కొట్టినవాళ్ల ధైర్యం కూడా అదే.

టైపింగు, జిరాక్సు, రిజిస్టర్ పోస్టు 1,460. ఇలాంటి నేరానికి ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలని సుప్రీంకోర్టు 2013లో లలితా కుమారి కేసులో చెప్పింది. స్టేషన్లో కట్టకపోతే ఎస్పీకి పోస్టులో పంపొచ్చని భారతీయ నాగరిక సురక్షా సంహిత అనే కొత్త చట్టం 173వ సెక్షన్లో ఉంది. మనకీ ఆ పోస్టు వెళ్లాకే పని కదిలింది. మధ్యలో ‘చేతి ఖర్చులు’ అడిగినవాళ్లున్నారు. ఇవ్వలేదు, కాబట్టి ఆ పద్దు లేదు.

వకీలు ఫీజు సున్నా. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత వకీలుని ఇస్తారు. దెబ్బలు తిన్నవాళ్ల ఇంటికి బియ్యం, పప్పులకి 3,200.

లెక్కకెక్కనివి ఇంకా ఉన్నాయి. 2018 తిత్లీ తుపానుకి కూలిన చెట్ల చోట నాటినవి ఇప్పుడిప్పుడే కాపుకొచ్చాయి. పూత మీదుండగా మోకాలెత్తున నరికేశారు. తుపానప్పుడు చెట్లు లెక్కపెట్టడానికైనా ఆఫీసర్లు వచ్చారు, ఈ మొద్దులు లెక్కపెట్టడానికి ఎవరూ రాలేదు. అది డీ పట్టా భూమి, అంటే సర్కారు పేదలకి ఇచ్చింది. 1977 అసైన్డ్ భూముల చట్టం ప్రకారం అలాంటి భూమిని ఇష్టమొచ్చినట్టు కొంటే చెల్లదు. కొనలేని భూమిని భయపెట్టి ఖాళీ చేయించొచ్చు కదా అనుకున్నట్టున్నారు. దెబ్బలు తిన్నవాళ్ల పెద్దబ్బాయి ఇంటర్ మధ్యలో ఆపేసి చెన్నై బండెక్కాడు. పక్క పట్టాల వాళ్ల మీద ఒక్క దెబ్బా పడలేదు, అయినా ఈ ఏడు రెండిళ్ల వాళ్లు పిక్కలు ఏరడానికి తోటకే వెళ్లలేదు. రాలినవి రాలినట్టే పోయాయి.

నిల్వ 8,200 కమిటీ ఖాతాలో ఉంది. కోర్టు వాయిదాలు మొదలైతే సాక్షుల కూలికే వాడతాం, ఇంకో పనికి తియ్యం. బిల్లులు ఆదివారం పొద్దున్న కమ్యూనిటీ హాల్లో చూడొచ్చు. ఫోన్‌పే చేసిన ఇద్దరు ఎవరో తెలియలేదు. మీరే అయితే చెప్పండి, రసీదులు రాసి ఉంచాం.