దీర్ఘచతురస్రాన్ని ఒక్కసారి మడిచి చూడండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మా పాప ఆరో తరగతి. మొన్న లెక్కల పరీక్షలో దీర్ఘచతురస్రానికి సౌష్ఠవ రేఖలు (ఆ గీత మీద మడిస్తే రెండు సగాలూ సరిగ్గా కలిసే గీతలు) ఎన్ని అని అడిగితే 2 అని రాసింది. అది తప్పని కొట్టేసి, పక్కన ఎర్ర పెన్నుతో 4 వేశారు. నేను వెళ్లి అడిగితే ‘కీలో (సరైన జవాబుల పట్టికలో) 4 అనే ఉందండీ’ అన్నారు. నా బాధ ఒక్క మార్కు గురించి కాదు. సరిగ్గా రాసిన పిల్ల ఇంటికొచ్చి ‘నాన్నా, నాదే తప్పేమో’ అంది.

నేను చీమకుర్తిలో గ్రానైట్ కటింగ్ పని చేస్తాను. ఈ పొరపాటు ఎక్కడ పుడుతుందో నాకు రాయి మీదే తెలుసు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు ఉన్న పలకను మూల నుంచి మూలకు కోస్తే రెండు సమానమైన ముక్కలొస్తాయి. ఒక ముక్కను అర చుట్టు తిప్పి రెండోదాని మీద పెడితే అంచులన్నీ కలుస్తాయి. అది చూసి కర్ణం, అంటే మూల నుంచి మూలకు గీసిన గీత, కూడా సౌష్ఠవ రేఖే అనుకుంటాం. కానీ తిప్పడం వేరు, మడవడం వేరు. అదే ముక్కను కోత గీత మీదుగా బోర్లిస్తే కలవదు. నోటుబుక్ కాగితాన్ని మూల నుంచి మూలకు మడిచినా అంతే, రెండు మూలలూ చెరో పక్కకి పొడుచుకొస్తాయి. దీర్ఘచతురస్రం నిలువుగా, అడ్డంగా సగానికి మడిస్తేనే కలుస్తుంది కాబట్టి దానికి 2. చతురస్రానికి కర్ణాలు కూడా కుదురుతాయి కాబట్టి దానికి 4. సమాంతర చతుర్భుజానికి మామూలుగా ఒక్కటీ ఉండదు. ఇవి బట్టీ పట్టించాల్సిన అంకెలు కావు.

మన వాకిట్లో ముగ్గులున్నాయి కదా. స్వస్తిక్ గుర్తు ఎటు మడిచినా కలవదు, పావు చుట్టు తిప్పితే మాత్రం మళ్లీ అచ్చం అలాగే కనిపిస్తుంది. ఈ తేడా పిల్లలకు చూపించడానికి చారెడు ముగ్గుపిండి చాలు.

ప్రకాశం జిల్లా విద్యాశాఖ అధికారులకు నా విన్నపం. కీ ఇచ్చే ముందు కనీసం ఇద్దరు లెక్కల టీచర్లు దాన్ని సరిచూడాలి. పిల్లలు కాగితం మడిచి తమ జవాబు రుజువు చేస్తే, కీలో ఏమున్నా మార్కు ఇవ్వాలి. ఇప్పటికే ఆ కీతో దిద్దిన పేపర్లు మళ్లీ దిద్దాలి. 4 రాసి మార్కు తెచ్చుకున్న పిల్లల మార్కు తీసేయనక్కర్లేదు గానీ, వాళ్లకూ ఒక కాగితం ఇచ్చి మడిపించాలి.

ఇట్లు,
ఒక విద్యార్థిని తండ్రి,
చీమకుర్తి, ప్రకాశం జిల్లా.