ఎంతమందిలో 95 శాతం?

సంపాదకుడు గారికి నమస్కారం.

పది రోజుల కిందట మీ చదువుల పేజీలో అమెరికాలో సైకాలజీ డాక్టరేట్ గురించి వేసిన వ్యాసం చూసినప్పటి నుంచి రాద్దామా వద్దా అని ఆలోచిస్తున్నాను. నిన్న మా వీధిలో ఒకాయన ఆ పేజీ కత్తిరించుకుని నా దగ్గరకు తెచ్చి, "చూడండి మాస్టారూ, ఈ యూనివర్సిటీలో 95 శాతం ప్లేస్‌మెంట్, మా పాపను పంపేద్దామనుకుంటున్నాం" అన్నారు. ఇక ఆగలేకపోయాను.

అది ఉద్యోగం కాదండీ. ప్లేస్‌మెంట్ అంటే మన దగ్గర కాలేజీ చివర్లో కంపెనీలొచ్చి ఇచ్చే ఉద్యోగమని అర్థం. అక్కడ చెబుతున్నది చదువు చివర్లో ఏడాదిపాటు ఆసుపత్రిలోనో క్లినిక్‌లోనో చేయాల్సిన ఇంటర్న్‌షిప్ గురించి. క్లినికల్ సైకాలజీలో అది లేకపోతే డాక్టరేట్ పట్టాయే చేతికి రాదు. ఈ చిన్న విషయం మీ వ్యాసంలో ఒక్క వాక్యంలోనైనా చెప్పి ఉండాల్సింది.

మా మేనకోడలు ఇలాంటి అంకె చూసే వెళ్లింది. ఆ యూనివర్సిటీ పేరు రాయను. మా బావ ఇల్లు తాకట్టు పెట్టి పంపాడు. నాలుగేళ్లయ్యాక పదిహేను చోట్లకు అప్లై చేసే సమయం వచ్చింది. అక్కడ పద్ధతి మన కౌన్సెలింగ్ లాంటిదే. విద్యార్థులు తమకు కావాల్సిన చోట్లను వరుసగా రాసిస్తారు, ఆసుపత్రులు తమకు కావాల్సిన వాళ్లను వరుసగా రాసిస్తాయి, కంప్యూటర్ కలుపుతుంది, ఫలితం ఫిబ్రవరిలో వస్తుంది. ఎపిక్ అనే సంస్థ 1999 నుంచి ఇలాగే నడుపుతోంది. ఈ ఇంటర్న్‌షిప్‌లు అన్నిటికన్నా ఎక్కువగా ఇచ్చేది మాజీ సైనికుల ఆసుపత్రులు. వాటికి అమెరికా పౌరసత్వం ఉండాలి. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద వెళ్లిన మన పిల్లలకు ఆ తలుపు మొదటి రోజే మూసుకుపోయింది, కానీ ఆ సంగతి మా అమ్మాయికి తెలిసింది నాలుగేళ్ల తర్వాత! మొదటి విడతలో రాలేదు. రెండో విడతలోనూ రాలేదు. "మామయ్యా, నాన్నకు ఎలా చెప్పాలి" అని అర్ధరాత్రి ఫోన్ చేసింది. చివరికి యూనివర్సిటీ తన సొంత క్లినిక్‌లో సర్దింది. దానికి ఏపీఏ, అంటే అమెరికా సైకాలజిస్టుల సంఘం, గుర్తింపు లేదు, అందుకని సైకాలజిస్టుగా పనిచేయడానికి కావాల్సిన లైసెన్స్ కోసం ఇప్పుడు అదనపు కాగితాలు పట్టుకుని తిరుగుతోంది. ఆ కాలేజీ లెక్కలో మాత్రం ఆమె కూడా ఇంటర్న్‌షిప్ దొరికిన వాళ్ల ఖాతాలోకే వెళ్లింది.

అందుకే శాతం చూడగానే ఎంతమందిలో అని అడగాలి. నలభై మంది చేరారనుకోండి. పది మంది మధ్యలో మానేశారు, ఇంకో పది మందిని నువ్వింకా సిద్ధంగా లేవని కాలేజీయే ఆపింది, మిగిలిన ఇరవై మంది అప్లై చేస్తే పంతొమ్మిది మందికి దొరికింది. అది 95 శాతం. చేరిన నలభై మందిలో చూస్తే సగం కూడా లేరు.

2012 ప్రాంతంలో ఇంటర్న్‌షిప్ సీట్లు బాగా తక్కువ ఉండేవి, కొత్తవి తెరవడానికి ఏపీఏ 30 లక్షల డాలర్ల వరకు కేటాయించాల్సి వచ్చింది. అప్పుడు ఈ అంకెను బట్టి మంచి కాలేజీ ఏదో కొంత తెలిసేది. ఈ మధ్య కొన్నేళ్లుగా అప్లై చేసేవాళ్ల కంటే సీట్లే ఎక్కువ ఉన్నాయి, కాబట్టి చాలా కాలేజీల అంకె పెద్దగానే కనబడుతుంది. చూడాల్సింది గుర్తింపు ఉన్న ఇంటర్న్‌షిప్ ఎంతమందికి వచ్చింది, జీతం ఎంతమందికి ఇచ్చారు, మధ్యలో ఎంతమంది మానేశారు, ఎన్నేళ్లు పట్టింది, లైసెన్స్ ఎంతమందికి వచ్చింది అని. గుర్తింపు ఉన్న ప్రతి కోర్సూ ఇవన్నీ తన వెబ్‌సైట్‌లో పట్టికగా పెట్టి తీరాలి, అది ఏపీఏ నిబంధన. మీ విలేకరి ఆ పట్టికలో ఒక్క వరుస మాత్రమే చూసి వదిలేశారా, లేక కన్సల్టెన్సీ వాళ్లు ఇచ్చిన కాగితమే అచ్చేశారా? గుర్తింపు ఉన్నంత మాత్రాన కూడా భరోసా లేదు, 2019 మార్చిలో ఆర్గోసీ యూనివర్సిటీ చదువు మధ్యలోనే మూతపడి విద్యార్థులు రోడ్డున పడ్డారు.

మన దగ్గరా అంతే. హైవే పొడవునా ఇంజనీరింగ్ కాలేజీల హోర్డింగ్‌ల మీద నూటికి నూరు శాతం ప్లేస్‌మెంట్లు, అడిగే అధికారి ఒక్కడు లేడు. సైకాలజీ ఇక్కడే చదివిద్దామంటే, క్లినికల్ సైకాలజిస్టు కావడానికి ఇక్కడ చదివే ఎం.ఫిల్. చెల్లదని 2023 డిసెంబర్‌లో యూజీసీ చెప్పింది, నెల తిరక్కుండానే క్లినికల్ సైకాలజీకి 2025-26 వరకు మినహాయింపు అంది. ఇలా రోజుకో మాట చెబితే పిల్లలు అప్పులు చేసి బయటికి పోక ఏం చేస్తారు?

అక్కడ ఎక్కువ యూనివర్సిటీలకు దరఖాస్తుల గడువు డిసెంబర్. ఆలోపు దయచేసి సవరణ వేయండి. మీరు పేర్లు రాసిన ప్రతి కాలేజీకీ ఆ పట్టికలోని మిగతా వరుసలు, పౌరసత్వం సంగతి, రెండూ అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో వేయండి. మా వీధి ఆయనకు నేను చెప్పాను. మిగతా ఊళ్లలో ఆ కాగితం కత్తిరించి పెట్టుకున్న వాళ్లకు మీరే చెప్పాలి.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, హనుమకొండ