నా నవలలో నేను ఉండను

చిక్కడపల్లి,
హైదరాబాద్.

చిన్నీ,

"అమ్మా, నువ్వు రాసే లోకంలోకి వెళ్ళి అక్కడే ఉండిపోవాలని నీకెప్పుడూ అనిపించదా?" అని మొన్న ఫోన్లో అడిగావు. రెండు ముక్కల్లో తేలే మాట కాదది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ఉండిపోవాలని లేదు బిడ్డా. ఒక్కసారి చూసి రావాలని కూడా లేదు. పొద్దున లేచింది మొదలు ఆ మనుషుల గురించే ఆలోచించే నేను ఈ మాట అంటే నీకు వింతగా ఉండొచ్చు. నువ్వు చదివే పుస్తకాల్లో డ్రాగన్లుంటాయి, మంచు కోటలుంటాయి. వాటిలోకి దూరిపోవాలని నీకనిపించడం నాకు అర్థమవుతుంది. చదివేవాళ్ళకు అలా అనిపించాలి కూడా. రాసేవాళ్ళ సంగతి వేరు.

ఇప్పుడు నేను రాస్తున్నది 1908 నాటి హైదరాబాదు కథ. ఆ ఏడు సెప్టెంబరు 28న మూసీ పొంగింది. 15 వేల మంది దాకా పోయారంటారు. అఫ్జల్‌గంజ్, ముసల్లం జంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు మూడూ కొట్టుకుపోయాయి. 1578లో కట్టిన పురానాపూల్ మాత్రం నిలబడింది. నా కథ నది ఒడ్డున బట్టలకు రంగులద్దే ఒక ఇంట్లో జరుగుతుంది. ఆ ఇంటి కోడలు నాకెంత దగ్గరిదంటే, ఆమె గోళ్ళ సందుల్లో నీలిరంగు ఎక్కడెక్కడ మిగిలిపోతుందో చెప్పగలను. బొటనవేలి గోరు మొదట్లో అది ఎప్పటికీ పోదు. చింతపండు పిసికిన రోజున కాస్త వదులుతుంది, మర్నాటికి మళ్ళీ ఎక్కుతుంది. ఆమె అన్నం కలుపుతుంటే చిన్నకొడుకు ఆ వేలినే చూస్తూ కూర్చుంటాడు.

ఇంత తెలిసినా, ఆ ఇంట్లోకి వెళ్ళి ఆమె పక్కన ఒక్క పూట కూర్చోలేను. ఆ ఇంటి మీదికి నీళ్ళు తెస్తున్నది నేనే. వరద చరిత్రలో ఉంది, నిజమే. కానీ ఆ రాత్రి ఆమె మొగుణ్ణి ఊళ్ళో లేకుండా చేసింది నేను. పెద్దకొడుక్కి జ్వరం తెప్పించింది నేను. కష్టం లేకపోతే కథ కదలదు, అందుకని కావాలనే తెచ్చిపెట్టాను. రాబోయేది నాకు తెలుసు, తెచ్చేది నేనేనని కూడా తెలుసు. అలాంటప్పుడు వాళ్ళింట్లో పీట వేసుకుని కూర్చుని, ఆమె వడ్డించిన అన్నం తినడం నావల్ల కాదు.

పైగా ఆ లోకం నువ్వనుకున్నంత పెద్దది కాదు. రామోజీ ఫిల్మ్ సిటీలో చూశావుగా, ముందు నుంచి చూస్తే వీధి వీధంతా మేడలు, వెనక్కి వెళ్తే ఇనప రాడ్లు. నవలా అంతే. ఆ ఇంట్లో నేను వంటగది రాశాను, ముందు గది రాశాను, రంగు తొట్లున్న పెరడు రాశాను. పడమటి గది తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది. దాన్ని తెరవాల్సిన పని కథకు పడలేదు. నువ్వు చదివితే ఆ గదిలో ఏదో ఉందనుకుంటావు. నీ మనసు అక్కడో నులకమంచం వేస్తుంది, దాని మీద ఒక ముసలమ్మను పడుకోబెడుతుంది. నాకు మాత్రం ఆ తలుపు వెనకాల ఏమీ లేదని తెలుసు. ఆ ఊరు నిండుగా ఉండేది చదివేవాళ్ళకే. నేను ఖాళీగా వదిలేసిన గదుల్లో మీరు కాపురం పెడతారని తలుచుకుంటే, రాత పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టం కలిగించే సంగతి అదే.

పోనీ, ఎలాగో లోపలికి వెళ్ళామే అనుకో. ఎవరిగా వెళ్తాం? పాతకాలపు హైదరాబాదు అనగానే అందరూ తమను ఏ దేవిడీలోనో, అంటే నవాబుల మేడలోనో, అద్దాల దీపాల కింద ఊహించుకుంటారు. ఆ ఊళ్ళో దేవిడీలెన్ని, మట్టి గోడల ఇళ్ళెన్ని? వెళ్తే ఒకే ఒళ్ళు దొరుకుతుంది. ఒకే కులం, నదికి ఒకే ఒడ్డు. ఆడపిల్లవి, నీకు చదువు దక్కేదో లేదో. రాసేటప్పుడు నేను కోడలినీ అవుతాను, ఆమెను సతాయించే అత్తనూ అవుతాను, వడ్డీకి డబ్బులిచ్చే సేఠ్‌నీ అవుతాను. సేఠ్ మీద కోపం ఉన్న రోజు ఆ అధ్యాయం ముట్టను, ఎందుకంటే కోపంతో రాస్తే అతను మనిషిగా మిగలడు. లోపల కాపురం ఉంటే ఇదంతా కుదరదు. అతను బాకీ కోసం తలుపు కొట్టే మనిషే అవుతాడు, అంతే. అందరి పక్షానా ఉండాలంటే నేను బయటే ఉండాలి.

చదివేవాళ్ళ కోరికను నేనెప్పుడూ తక్కువ చెయ్యను. యద్దనపూడి సులోచనారాణి నవలలు వచ్చే రోజుల్లో మీ అమ్మమ్మ, ఆమె వయసు ఆడవాళ్ళు పుస్తకం అద్దెకు తెచ్చుకుని రాత్రికి రాత్రి చదివి, పొద్దున్నే పక్కింటామెకు ఇచ్చేవాళ్ళు. అలాంటి చదువును ఎగతాళి చేసిన పెద్దమనుషులు చాలామంది ఉన్నారు. నాకది నచ్చదు. రోజంతా ఇంటెడు చాకిరీ చేసిన మనిషికి, రాత్రి రెండు గంటలు తలదాచుకోవడానికి ఆ రచయిత్రి ఒక ఇల్లు ఇచ్చింది. అది చిన్న సాయమా?

నువ్వు 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' రాసిన టోల్కీన్ పేరు ఎత్తుతావని తెలుసు. భాషలతో సహా అంత పెద్ద లోకాన్ని కట్టినాయనకు అందులో ఉండాలని లేదా అంటావు. ఆక్స్‌ఫర్డ్‌లో ఆయనదీ భార్య ఈడిత్‌దీ ఒకే సమాధి. రాయి మీద ఆమె పేరు కింద లూథియన్ అని, ఆయన పేరు కింద బెరెన్ అని చెక్కి ఉంటుంది. ఆయన కథలో లూథియన్ చావులేని జాతి పిల్ల, మామూలు మనిషి బెరెన్ కోసం ఆ వరాన్ని వదులుకుంటుంది. వయసులో ఉన్నప్పుడు ఈడిత్ చెట్ల మధ్య తన కోసం నాట్యం చేస్తే, అందులోంచి ఆ పాత్ర పుట్టింది. 1971లో ఆమె పోయినప్పుడు ఆ పేరును కథలోంచి తెచ్చి ఆమెకిచ్చాడు. రెండేళ్ళకు ఆయన పోయాడు. అంత ప్రేమించిన లోకంలోంచి కూడా ఆయన రెండు పేర్లను ఇటు తెచ్చుకున్నాడు చూడు.

ఇక తన కథలోనే బతికిన రచయిత మనకు ఒకరున్నారు, వ్యాసుడు. ధృతరాష్ట్రుడికీ పాండురాజుకీ తండ్రి ఆయనే. అంటే కురుక్షేత్రంలో రెండు వైపులా కొట్టుకు చచ్చింది ఆయన వంశమే. జరగబోయేదంతా ఆయనకు తెలుసు. తెలిసి ఏం చేయగలిగాడు? పాండురాజు పోయాక తల్లి సత్యవతి దగ్గరికి వచ్చి, "గతకాలము మేలు వచ్చు కాలముకంటెన్" అని చెప్పి, ఇవన్నీ చూడలేవమ్మా అడవికి వెళ్ళిపో అన్నాడు. నన్నయ ఆ మాటను ఎంత మెల్లగా అనిపించాడో! అందరం సామెతలా వాడేస్తాం గానీ, అది తన కథ ముగింపు తెలిసిన కొడుకు తల్లితో అన్న మాట. అది చదివినప్పుడల్లా నాకు గొంతు పట్టుకుంటుంది. తల్లిని తప్పించగలిగాడు, మనవళ్ళను తప్పించలేకపోయాడు.

యుద్ధమైన చాలా ఏళ్ళకు, ఆశ్రమవాస పర్వంలో, ధృతరాష్ట్రుడు, గాంధారి, కుంతి అడవిలో ఉన్నప్పుడు వ్యాసుడు వచ్చి గంగ నీళ్ళలోంచి చనిపోయిన వాళ్ళందరినీ ఒక్క రాత్రికి లేపుతాడు. కర్ణుడు వస్తాడు, దుర్యోధనుడు వస్తాడు, అభిమన్యుడు వస్తాడు. పగలు లేవు, కోపాలు లేవు. తెల్లారేసరికి మళ్ళీ నీళ్ళలోకి. భారతం మొత్తంలో ఆ ఘట్టమంత నాకు ప్రాణమైంది ఇంకోటి లేదు. రాసేవాడు కోరుకోదగింది అదేననిపిస్తుంది.

నాకు కావలసిందీ అదే. ఆ కోడలు ఒక్కసారి ఇటు రావాలి. వస్తే ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో చింతచెట్టు దగ్గరికి తీసుకెళ్తాను. ఆ వరదలో దాని కొమ్మలెక్కి 150 మంది బతికారు. నా కథలో ఆమె ఎక్కేది కూడా ఆ చెట్టే. తర్వాత గండిపేట జలాశయం కట్ట మీదికి తీసుకెళ్తాను. నది మళ్ళీ ఇలా ఊరి మీద పడకూడదని ఇంజనీరు విశ్వేశ్వరయ్యను పిలిపించారని, 1920 నాటికి ఇది, 1927 నాటికి హిమాయత్‌సాగర్ కట్టారని చెబుతాను. మీ అమ్మమ్మ గొప్పగా చెప్పుకునే గండిపేట నీళ్ళ వెనక ఈ కోడలి లాంటి వాళ్ళ ఆ ఒక్క రాత్రి ఉంది. ఆమెకది తెలియాలి. కథ లోపల ఉన్నంతకాలం తెలిసే దారి లేదు.

నువ్వు ఊరికే అడిగావనుకోను. ఈ మధ్య ఆఫీసు టెన్షన్ ఎక్కువైందని నీ గొంతులోనే తెలుస్తోంది. ఆ గదిలో ఒక్కదానివే ఉంటే, పుస్తకంలోకి వెళ్ళి తలుపేసుకోవాలనిపించడం సహజం. వెళ్ళు, ఎన్ని గంటలైనా చదువు. అన్నం మాత్రం వేళకు తిను, రాత్రి ఎంతైనా సరే, మాట్లాడాలనిపిస్తే నాకు ఫోన్ చెయ్యి. నేను లేచే ఉంటాను.

నేను చెట్టు ఎక్కే అధ్యాయం దగ్గర ఆగిపోయి ఉన్నాను. ఆమె చంకలో చిన్నవాడు, చేతిలో పెద్దవాడి చెయ్యి. ఇద్దరినీ పైకి లాగడం ఆమె వల్ల కాదు. పెద్దవాడు పోతాడు, కథ అదే అడుగుతోంది. నాలుగైదు రకాలుగా తిప్పి చూశాను, వాడు బతికితే మిగతా నవలంతా అబద్ధమవుతుంది. ఆ పేజీ ఒక్కదాన్నే ఉండి రాయాలని లేదు. దసరాకు నువ్వొచ్చాకే రాస్తాను. సెలవు ఇప్పుడే అడుగు, బస్సులో అయినా ట్రైన్‌లో అయినా టికెట్ ముందే తీసుకో.

అమ్మ