పుట్టింటి ఇంటిపేరు కూడా వేయండి

సంపాదకులు గారికి,

మా కోడలిది మెల్‌బోర్న్. బంగారం కోసం జనం ఎగబడిన 1850ల్లో ఆ దగ్గర్లోని బల్లారట్ ఊరు చేరిన వాళ్ల ముత్తాత నాయనమ్మ కోసం ఇద్దరం నెలల తరబడి వెతికాం. అక్కడి పాత పత్రికలెన్నో ట్రోవ్ అనే ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం వెబ్‌సైట్‌లో ఉచితంగా చదవొచ్చు, కానీ పెళ్లైన ఆడవాళ్లు వాటిలో చాలాసార్లు భర్త పేరుతో 'మిసెస్ ఫలానా' అనే కనిపిస్తారు, సొంత పేరుతో ఎంత వెతికినా ఏం దొరుకుతుంది? చివరికి మరణ ధ్రువపత్రమే దారి చూపింది. ఆ ఊళ్లున్న విక్టోరియా ప్రాంతంలో 1853లో మొదలైన ఆ ప్రభుత్వ నమోదులో చనిపోయినవారి తండ్రి పేరు, తల్లి పుట్టింటి ఇంటిపేరు, పెళ్లి ఎక్కడైందో, పిల్లలెవరో కూడా రాసేవాళ్లు. ఆ కాగితం చూసి మా కోడలు ఏడ్చేసింది. మా నాయనమ్మ పుట్టింటి ఇంటిపేరు నాకే తెలియదండీ! మీ శ్రద్ధాంజలి ప్రకటనల్లో ఆడవాళ్లది అడిగి మరీ వేయండి.

– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు