పచ్చ చుక్క, దిష్టి చుక్క

ఒరేయ్ సూరీ,

ఫోన్లో మొదలుపెడితే సగంలో ఎవరో ఒకరు పావుకిలో పంచదారకి వస్తారు, మాట తెగిపోతుంది. అందుకే ఉత్తరం.

అమ్మకి బీపీ అని చెప్పాను కదా. డాక్టరు ఉప్పు తగ్గించమంటే ఆవకాయ మానేసింది, మజ్జిగలో ఉప్పు మానేసింది. నెల తిరిగినా బీపీ దిగలేదు. ఓ మధ్యాహ్నం నేను భోంచేసి వచ్చేసరికి కొట్లో కూర్చుని మిక్చర్ పొట్లం విప్పుకుని తింటోంది. ఇదేటమ్మా అంటే, పొట్లం తిప్పి వేలు పెట్టి చూపించింది. "పచ్చ చుక్క ఉంది కదరా. మంచిదే!"

నవ్వొచ్చింది గానీ, తప్పు ఆవిడది కాదురా. అది శాకాహారమని చెప్పే గుర్తు మాత్రమే. కానీ ఆవిడ పాతపట్నం ఆడపడుచు, తెలుగు తప్ప చదవలేదు. ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడిలో ఇంట్లో తెలుగు, బళ్ళో ఒరియా. పొట్లం మీద మాత్రం ఇంగ్లీషో హిందీయో ఉంటే చట్టానికి చాలు. దాని మీద అమ్మ చదవగలిగింది ఆ చుక్క ఒక్కటే.

భూతద్దం తెచ్చి ఇద్దరం కూర్చున్నాం. 100 గ్రాములకి సోడియం 800 మిల్లీగ్రాములు. దాన్ని రెండున్నరతో హెచ్చవేస్తే ఉప్పు లెక్క వస్తుంది, అంటే 2 గ్రాములు. పొట్లం 150 గ్రాములు కాబట్టి మొత్తం 3 గ్రాములు. రోజంతటికీ 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. పక్కనే "ఒకసారికి 30 గ్రాములు" అని వేసి, చిన్న అంకెలు చూపించారు. 30 గ్రాములంటే అమ్మకి ఒక్క గుప్పెడు!

ఇక ఊరుకుంటుందా? వరసగా అన్నీ దింపించింది. రాగి బిస్కెట్లు చూడు, పైన కంకి బొమ్మ. వెనక మైదా ముందు, పంచదార తరవాత, రాగి ఎక్కడో అడుగున. ఏది ఎక్కువ బరువుంటే దాన్ని ముందు రాయాలి, అదే రూలు. చోడి అన్నా, ఒరియాలో మాండియా అన్నా రాగే కదరా. చోడి అంబలి తాగి పెరిగిన మనకి, మాండియా పండించే ఈ జిల్లాలోనే, ఆ కంకి బొమ్మని అమ్ముతున్నారు.

మీ హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో 17 సూత్రాలు ఇచ్చింది. చివరిది, లేబుల్ చదివి కొనమని. బాగానే ఉంది, ఏ భాషలో చదవమంటారో!

2022లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, అదే తిండి సరుకులకి రూల్స్ పెట్టే కేంద్ర సంస్థ, పొట్లం ముందువైపు నక్షత్రాలు వేద్దామని ముసాయిదా తెచ్చింది, అరనక్షత్రం నుంచి అయిదు దాకా. పొట్లం ముందు ఏం వేయాలో తేల్చమని 2025లో సుప్రీంకోర్టు కూడా అంది. ఆ నక్షత్రాలు నాకు నచ్చలేదురా. పంచదారకీ ఉప్పుకీ మార్కులు కోసి, పీచుకీ పప్పులకీ మళ్ళీ కలుపుతారట. లెక్కల్లో తప్పినవాణ్ణి డ్రాయింగు మార్కులతో గట్టెక్కించినట్టు. పైగా ఒక్క నక్షత్రం కనిపించినా అమ్మ దాన్ని మెచ్చుకోలే అనుకుంటుంది. చిలీలో 2016 నుంచి ఉప్పు మితిమీరితే ఒకటి, పంచదార మితిమీరితే మరొకటి, నల్లటి ఎనిమిది మూలల గుర్తులు వేస్తున్నారు. అది చదువు రానివాడికీ తెలుస్తుంది.

అమ్మకి ఆ సంగతి చెప్పాను, అదే నా పొరపాటు. మర్నాడు స్కెచ్ పెన్ను పట్టుకుని ఉప్పు ఎక్కువున్న పొట్లాలన్నిటికీ నల్ల చుక్కలు పెట్టేసింది. వచ్చినవాళ్ళు "కొట్టుకి దిష్టి తగిలిందేటి, చుక్కలు పెట్టారు?" అని అడుగుతున్నారు. ఆవిడ ఓపిగ్గా అందరికీ చెబుతోంది. నాకు టెన్షన్. గుమ్మానికి వేలాడే ఆ పొట్లాల దండల మీదే కదురా నాకు నాలుగు రూపాయలు మిగిలేది! పిల్లలు మాత్రం చుక్క ఉన్నదే కావాలని ఏరుకుంటున్నారు, అదేదో బహుమతి అనుకుని.

దసరాకి వచ్చేటప్పుడు ఒక మంచి భూతద్దం తేరా. నాది అమ్మ తీసేసుకుంది, చిట్టా పుస్తకం కనబడక చస్తున్నాను.

నీ
రాము